కన్నము లేని దొంగతనము

పూర్వము ఇంటిలో దొంగలు పడినచో తెల్లవారుసరికి ఆనవాళ్లు కనబడెడివి. గోడకు కన్నము, విరిగిన తాళము, పెరటిలో అడుగుజాడలు, తెరచి పారవేసిన పెట్టె - వీనిని చూచుటకు ఊరివారు గుమిగూడెడివారు. నేటి దొంగతనములలో పెక్కింటికి ఈ ఆనవాళ్లేవియు లేవు. తలుపు గడియ వేసినది వేసినట్లే యుండును, కుక్క మొరగదు. ఇంటివారందరు భోజనము చేయుచుండగనే ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము బ్యాంకు ఖాతానుండి మాయమగును. ఫోను ఒక్కసారి మ్రోగి, ఖాతానుండి ఇంత సొమ్ము పోయినదని తెలుపును. దీనినే సైబరు నేరమందురు.

ఇట్టి నేరమును గూర్చి విన్నవారు సాధారణముగా యంత్రములను నిందింతురు. దొంగ ఎచ్చటనో కూర్చుండి, కంప్యూటరు మాయచేత బ్యాంకు ఖజానాను బద్దలుకొట్టెనని తలంతురు. అట్టివియు లేకపోలేదు. కాని సామాన్య కుటుంబముల సొమ్ము చాలవరకు ఆ విధముగా పోవుటలేదు. ఇంటివారే తాళముచెవిని దొంగ చేతికిచ్చుచున్నారు. ఇచ్చుచున్నట్లు వారెరుగరు, అంతియే.

అది ఎట్లు జరుగునో చూతము. ఫోనుద్వారా సొమ్ము చెల్లించు యూపీఐ పద్ధతి మన దేశమున 2016లో ప్రారంభమైనది. ఒక ఇంటివారు పాత మంచమును అమ్మదలచి ప్రకటన ఇచ్చిరనుకొందము. ఒకడు ఫోను చేసి, బేరమాడకయే చెప్పిన ధరకు ఒప్పుకొనును. (బేరమాడని కొనుగోలుదారుని అప్పుడే సగము అనుమానింపవలసియున్నది.) "ఒక క్యూఆర్ కోడు పంపుచున్నాను. స్కాన్ చేసి మీ పిన్ను నొక్కుడు, సొమ్ము మీ ఖాతాలో పడును" అనును. ఇంటివారు నొక్కుదురు. సొమ్ము వచ్చుటకు మారుగా పోవును. "పొరపాటైనది, మరల నొక్కినచో రెండును కలిపి తిరిగి వచ్చును" అని వాడు చెప్పును. పోయినదానిని రాబట్టుకొనవలెనను ఆతురతలో మరల నొక్కినవారును కలరు. యూపీఐ పిన్ను సొమ్ము ఇచ్చునపుడును, ఖాతాలోని నిల్వను చూచుకొనునపుడును కావలయును గాని, పుచ్చుకొనుటకు దానితో పనిలేదు. కూరగాయల దుకాణములో కోడు అట్టను నిలబెట్టుకొనునది సొమ్ము పుచ్చుకొనువాడు. దానిని స్కాన్ చేయునది ఇచ్చువాడు. దినమును కన్నులయెదుట జరుగుచున్న ఈ సంగతి జ్ఞాపకమున్నవారు ఆ మోసములో పడరు.

రెండవ తాళముచెవి ఓటీపీ. ఇది ఒక్కసారి మాత్రమే చెల్లు అంకె. బ్యాంకువారు దానిని ఎన్నడును అడుగరు. ఈ మాట ఇప్పుడు చాలమందికి తెలిసినది. అందుచేత దొంగలు అడుగుట మానివేసి, తామే చదువుకొను ఉపాయమును కనిపెట్టిరి. వాట్సాప్‌లో ఒక పెండ్లి శుభలేఖ వచ్చును. ఒక్కొక్కప్పుడు తెలిసినవారి నంబరునుండియే వచ్చును. ఏలయన వారి ఫోను అంతకుముందే దొంగవశమై యుండును. తెరువబోయినచో అది బొమ్మ కాదు, "ఏపీకే" అను మూడక్షరములతో ముగియు యాప్. దానిని ఫోనులో చేర్చుకొని, అది అడిగిన అనుమతులన్నింటికి సరేయన్నచో, ఆపై వచ్చు సందేశములన్నియు దొంగకును చేరును. విద్యుత్తు బిల్లు పేరిటను, వాహనముల చలానా పేరిటను ఇదే వల విసరుచున్నారు. శుభలేఖకు యాప్‌తో పనియేమి? ఫోనులోని యాప్‌ల దుకాణమునుండి తప్ప మరెచ్చటినుండియు యాప్‌లను చేర్చుకొనకుండుట ఒక్కటే దీనికి మందు. చాల ఇండ్లలో తాతగారి ఫోనును సరిచేసిపెట్టునది పాఠశాలకు పోవు మనుమలే గనుక, ఈ కాపలా ముఖ్యముగా పిల్లలదే.

మూడవ ఉపాయము భయము. అన్నింటిలో క్రూరమైనదియు ఇదియే. ఉద్యోగము విరమించి ఇంటిలో ఒంటరిగా నున్న పెద్దవారికి వీడియో పిలుపు వచ్చును. తెరపై పోలీసు దుస్తులవాడు కనబడును. వారి పేరిట వచ్చిన పార్సెలులో మత్తుమందు దొరకినదనియు, వారిని "డిజిటల్ అరెస్టు" చేసితిమనియు, పిలుపు ఆపరాదనియు, ఎవరితోను చెప్పరాదనియు గద్దించును. తనిఖీకై సొమ్మంతయు ఒక ఖాతాకు పంపవలెననును. గంటలకొలది, దినములకొలది ఈ నిర్బంధములో గడపినవారు కలరు. మన చట్టములో డిజిటల్ అరెస్టు అనునదేదియు లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగములో ఈ సంగతిని దేశమునకు చెప్పవలసివచ్చినదన్నచో, మోసము ఎంత వ్యాపించినదో ఊహింపవచ్చును. "ఎవరితోను చెప్పరాదు" అను మాటయే దీనికి ఆయువుపట్టు. పక్కగదిలోని కోడలితోనో, ఎదురింటివారితోనో ఒక్క మాట అన్నచో నాటకము అక్కడితో ముగియును. అపరిచితునకు సొమ్ము పంపుటకు ముందు ఇంటిలో మరియొకరితో చెప్పవలెనను కట్టుబాటు చేసికొన్న కుటుంబము చాలవరకు క్షేమముగా నుండును.

మిగిలిన జాగ్రత్తలు చిన్నవి. ఖాతాదారులకు ఖాతా విషయములపై చేయు పిలుపులకు బ్యాంకులు 1600తో మొదలగు నంబరులనే వాడవలెనని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించినది. తమ వెబ్‌సైటుల పేరులను "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అని ముగియునట్లు మార్చుకొనుటకు బ్యాంకులకు ఆ సంవత్సరము అక్టోబరు 31 వరకు గడువిచ్చినది. పాస్‌వర్డు ఒక్కొక్క చోట ఒక్కొక్కటిగా నుండవలెను. కారణము లేకయే ఫోనుకు సిగ్నలు చాలసేపు పోయినచో, తమ సిమ్మును మరియొకడు పొందెనేమోయని విచారింపవలెను.

ఇంత జాగ్రత్తగా నున్నను సొమ్ము పోవచ్చును. అప్పుడు లెక్కింపవలసినది నిముషములు. దొంగ ఆ సొమ్మును ఒక్కచోట నుంచడు. కమీషనుకు ఆశపడి తమ ఖాతాలను అద్దెకిచ్చినవారు కలరు. అట్టి ఖాతాలగుండా దానిని ముక్కలు ముక్కలుగా మరలించి, తుదకు నోట్లుగా తీసికొనును. 1930 అను నంబరుకు వెంటనే ఫోను చేసినచో, ఫిర్యాదు ఆ సొమ్ము చేరిన బ్యాంకునకు అందును. సొమ్ము ఇంకను అచ్చటనున్నచో దానిని కదలకుండ నిలిపివేయుదురు. ముందునకు పోయినచో తరువాతి బ్యాంకునకు కబురు పోవును. దొంగ వేగమును మించినప్పుడే ఈ వెంటాడుట ఫలించును. "తెల్లవారిన పిమ్మట చూతము" అన్నవారికి దొరకునది స్వల్పము.

బ్యాంకు బాధ్యతయు కాలమును బట్టియే యుండునని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో వెలువరించిన ఉత్తర్వువలన తెలియును. బ్యాంకు తప్పును ఖాతాదారుని తప్పును లేక, మూడవవాని వలన సొమ్ము పోయినప్పుడు, కబురందిన మూడు పనిదినములలోగా బ్యాంకునకు తెలిపినవానికి నష్టము లేదని అందు నిర్ణయించిరి. నాలుగునుండి ఏడు దినములలో తెలిపినచో, సామాన్యమైన సేవింగ్సు ఖాతాకు గరిష్ఠముగా 10,000 రూపాయల వరకు అతడు భరింపవలెను. కాని తన రహస్యపు అంకెను తానే చెప్పినవాడు, బ్యాంకునకు తెలుపువరకు జరిగిన నష్టమునంతయు భరింపవలసినదే. ముందు చెప్పిన తాళముచెవి మాట ఇచ్చట మరల వచ్చినది.

ఈ లోటును కొంతవరకు పూరించుటకే బీమా. తెలుగువారికి బీమా క్రొత్తది కాదు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించి, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిరి. పదిమంది తలకొంత వేసికొన్న సొమ్ము, వారిలో ఆపదపాలైన ఒక్కని ఆదుకొనును. ఈ సూత్రము నాటికిని నేటికిని ఒక్కటే. హైదరాబాదులో ప్రధాన కార్యాలయముగల బీమా నియంత్రణ సంస్థ, వ్యక్తులకు సైబరు బీమా ఎట్లుండవలెనో 2021 సెప్టెంబరులో మార్గదర్శక పత్రమును వెలువరించినది. సంవత్సరమునకొకసారి ప్రీమియము చెల్లించినవారికి, ఖాతానుండి అపహరింపబడిన సొమ్మును, పాడైన ఫోనును కంప్యూటరును బాగుచేయించు ఖర్చును, వకీలు ఖర్చును పాలసీలో వ్రాసిన పరిమితికి లోబడి ఇత్తురు. కొన్ని పాలసీలు భార్యాభర్తలకును పిల్లలకును కలిపి లభించును.

అయితే పాలసీని పెద్ద అక్షరములలో కాక, చిన్న అక్షరములలో చదువవలెను. పాలసీకి ముందే జరిగిన నష్టమునకును, వ్యాపారపు నష్టమునకును, తెలిసి చేసిన పనికిని సాధారణముగా పరిహారముండదు. మోసపోయి స్వహస్తముతో పంపిన సొమ్మునకు పాలసీ వర్తించునా, వర్తించినచో ఎంతవరకు అని ముందుగనే అడిగి తెలిసికొనవలెను. ఈ విషయమున పాలసీకిని పాలసీకిని భేదము కలదు. ఓటీపీని చెప్పకుండుట వంటి సామాన్యపు జాగ్రత్తలను పాటించుట బీమాలో ఒక షరతుగా నుండును. బీమా కలదుగదా యని తలుపు తెరచి నిద్రించువానికి బీమా లేదన్నమాట.

సొమ్ము పోయినప్పుడు పోలీసులకు, బ్యాంకునకు, బీమా సంస్థకు గడువులోగా తెలుపవలెను. ఫిర్యాదు సంఖ్యను, బ్యాంకు లెక్కల నకలును, దొంగ పంపిన సందేశములను భద్రముగా నుంచవలెను. నలుగురు నవ్వుదురను సిగ్గుచేత ఆ సందేశములను తుడిచివేసినవారికి, తరువాత చూపుటకు ఋజువేమియు మిగులదు. అన్నియు సరిగా నున్నను సంస్థ పరిహారమును నిరాకరించినచో, మొదట ఆ సంస్థకే వ్రాసి, అచ్చట న్యాయము జరుగనిచో బీమా అంబుడ్స్‌మన్‌కు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వారికి ఆ కార్యాలయము హైదరాబాదులో నున్నది. అర్జీకి రుసుము లేదు.