గుర్తు చీటీకి మన సమ్మతి

కంప్యూటరుపై గాని, సెల్‌ఫోనుపై గాని వెబ్‌సైటును తెరచినపుడు "మేము కుకీలను వాడుచున్నాము, అంగీకరింపుడు" అను ప్రకటన కానవచ్చుట నేడు సామాన్యమైనది. తొందరలో నున్నవారు చదువకయే మీట నొక్కుచున్నారు. ఇంతకును మనము అంగీకరించునది దేనికి?

వెబ్‌సైటును నడుపు యంత్రమునకు స్వతహాగా జ్ఞాపకము లేదు. ఒక పుటను అడిగినవారే మరుక్షణమున వేరొక పుటను అడిగినను వారిని గుర్తింపజాలదు. సికింద్రాబాదు స్టేషనులోని క్లోక్‌రూమును తలచుకొందము. అచ్చటి గుమాస్తా మన ముఖమును జ్ఞాపకముంచుకొనడు. పెట్టె పుచ్చుకొని రసీదు నిచ్చును. తిరిగి వచ్చి చూపినచో దాని అంకెను బట్టి పెట్టె నప్పగించును. కుకీయు అట్టి చీటీయే. వెబ్‌సైటు దానిని మన యంత్రములో నుంచును. మనము మరల పోయినపుడెల్ల బ్రౌజరు దానిని చూపును. 1994లో నెట్‌స్కేప్ సంస్థకు చెందిన లూ మాంటులీ అను ఇంజనీరు దీనిని కల్పించెను. మనము ఎంచుకొన్న భాష, బుట్టలో వేసిన సరుకు వెబ్‌సైటునకు జ్ఞాపకముండుట దీని చలవయే.

ఇంతవరకు చిక్కు లేదు. చిక్కంతయు ఇతరులు ఇచ్చు చీటీలతోనే. జనరల్ బజారులో ఒక చీరను చూచి, కొనకయే బయటకు వచ్చినచో మన వెంట ఎవ్వరును రారు. వెబ్‌లో అట్లు కాదు. చీరల అంగడి పుటలోను, వార్తల పుటలోను ఒకే ప్రకటనల సంస్థకు చోటుండవచ్చును. మొదటి పుటలో అది ఇచ్చిన చీటీని రెండవ పుటలో బ్రౌజరు దానికే చూపును. అందుచేతనే వార్తలు చదువుచుండగా ఆ చీరయే మరల ప్రత్యక్షమగును. ఈ విధముగా మన అభిరుచులు, అలవాట్లు మనమెరుగని చోట పోగగుచున్నవి.

ఐరోపా సమాజము 2009లో తన నిబంధనను సవరించి, అత్యవసరము కాని కుకీలకు ముందుగా సమ్మతి పొందవలెనని విధించెను. ముందే టిక్కు పెట్టియుంచిన గడి సమ్మతి కాదని 2019లో అచ్చటి న్యాయస్థానము తీర్పు చెప్పెను. మన దేశమున గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న ప్రకటించెను. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము వచ్చెను. అందు కుకీ అను మాట లేదు. అయినను కుకీ ద్వారా వ్యక్తిని గుర్తింపగల సమాచారము సేకరించినచో చట్టము వర్తించును. సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చినదై యుండవలెను. ఇచ్చినంత సులభముగా దానిని ఉపసంహరించుకొనుటకు వీలుండవలెను. నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలో గాని చదువుకొను అవకాశ మీయవలెను. వానిలో తెలుగును ఉన్నది. 2025 నవంబరులో వెలువడిన నియమములు ఈ విధుల అమలునకు 18 నెలల గడువు నిచ్చినవి.

ఇచ్చటనే అసలు పరీక్ష. తెలుగు మాత్రమే చదువగల గృహిణికి అర్థము కాని నోటీసు, తెలుగు లిపిలో నున్నను, నోటీసు కాజాలదు. ఏ సమాచారమును, ఎందులకు తీసికొనుచున్నారో నాలుగు తేట మాటలలో చెప్పవలెను.

అంతవరకు మనము చేయదగినది కొంత కలదు. 'అంగీకరించు' మీట పక్కన 'తిరస్కరించు' అనునది యున్నదేమో చూడవలెను. బ్రౌజరు సెట్టింగులలో ఇతర సంస్థల కుకీలను అడ్డగింపవచ్చును. పాత చీటీలను తుడిచివేయవచ్చును. మరల పాస్‌వర్డు కొట్టవలసి వచ్చును గాని, అది పెద్ద శ్రమ కాదు.