ఏ చెత్త ఏ డబ్బాలో?

వార్డులో నాలుగు రంగుల చెత్త డబ్బాలు మీరు చూసే ఉంటారు. దగ్గర్లో ఏది కనిపిస్తే అందులో అరటి తొక్కో, టీ కప్పో వేసేస్తుంటాం. కానీ ఆ రంగులు అందం కోసం పెట్టినవి కావు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం ప్రతి ఆసుపత్రీ వీటిని పాటించాలి.

పసుపు: రక్తం, చీము అంటిన దూది, కట్లు. వీటిని ప్రత్యేక కొలిమిలో కాల్చివేస్తారు.

ఎరుపు: సెలైన్ సీసాలు, ప్లాస్టిక్ గొట్టాలు, గ్లౌజులు. క్రిములను చంపి, ముక్కలు చేసి, రీసైక్లింగ్‌కు పంపుతారు.

తెలుపు: సూదులు, బ్లేడ్లు.

నీలం: గాజు మందు సీసాలు.

తిండి, కాగితాలు మామూలు చెత్త డబ్బాలోనే వేయాలి. రక్తపు దూది అందులో పడితే ఆ చెత్తంతా ప్రమాదకరమే. ప్లాస్టిక్ గొట్టాలు పసుపు డబ్బాలో పడితే, తిరిగి పనికొచ్చేది కాలిపోయి విషపు పొగ వస్తుంది.

ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవారు సూదిని చెత్తబుట్టలో వేయకండి. చెత్త తీసే మనిషికి గుచ్చుకుంటే హెపటైటిస్-బి, హెచ్.ఐ.వి. వంటివి సోకే ప్రమాదం ఉంది. మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో దాచి, ఆసుపత్రికి వచ్చినప్పుడు నర్సుకు అప్పగించండి.

వాడిన వస్తువును మళ్ళీ వాడటం మంచిదే. అయితే ఖాళీ సెలైన్ సీసాలను మాత్రం నీళ్ళకు, నూనెకు ఇంటికి తీసుకెళ్ళకండి.

అసలు చెత్త రాకుండా చూసుకోవడమే అన్నిటికన్నా మేలు. రోగిని చూడటానికి వచ్చేటప్పుడు స్టీలు క్యారియర్, గ్లాసు, గుడ్డ సంచి తెచ్చుకోండి.