వైర్‌లెస్ చదువు: బోర్డు మీద ఎంత, చేతిలో ఎంత?

మన పిల్లల్లో ఇంజనీరింగ్‌లో ఈ.సి.ఇ. బ్రాంచి తీసుకునేవారు ఏటా ఉంటున్నారు. వారి ఫీజుల గురించి మనం తరచుగా మాట్లాడుకుంటాం. ఫీజు కట్టాక వారు ఏం నేర్చుకుంటున్నారన్నది అంతగా మాట్లాడుకోం. పాఠం చెప్పే వృత్తిలో ఉన్నవాళ్లం కనుక ఆ రెండో సంగతి దాతల ముందు ఉంచదలిచాం.

సెల్‌ఫోన్, వైఫై, ఉపగ్రహం, వీటన్నిటి వెనుక ఉన్నది వైర్‌లెస్ కమ్యూనికేషన్స్ అనే సబ్జెక్టు. అందులో జరిగేది కంటికి కనబడదు. మోటారు తిరిగితే చూస్తాం, రసాయనం రంగు మారితే చూస్తాం. రేడియో తరంగం మాత్రం బోర్డు మీద సమీకరణంగానే ఉండిపోతుంది. మాడ్యులేషన్‌కు నిర్వచనం రాసి మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి కూడా అసలు సిగ్నల్ ఎదురైతే గుర్తుపట్టలేకపోవచ్చు.

ఈ కొరత తీర్చే సాధనం సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో. పాత రేడియోలో ఒక్కో పనికి ఒక్కో సర్క్యూట్ ఉండేది. ఇందులో యాంటెన్నా పట్టిన సిగ్నల్‌ను అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు అందిస్తారు. స్టేషన్‌ను ఎంచడం, అనవసరమైనదాన్ని వడపోయడం, మాటను బయటికి తీయడం ప్రోగ్రామే చేస్తుంది. ఇందుకు 2001లో మొదలైన గ్నూ రేడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. టీవీ కోసం తయారైన చిన్న యూఎస్‌బీ డాంగిల్ కూడా ఈ పనికి వస్తుందని 2012లో వెలుగులోకి వచ్చింది. లక్షల్లో ఉండే పరికరం చేయించే తొలి ప్రయోగాలు అప్పటినుంచి కొన్ని వేల రూపాయల్లో సాధ్యమయ్యాయి.

పాఠం ఎలా సాగుతుందో చూద్దాం. 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక ఎఫ్.ఎం. స్టేషన్ ఉందనుకోండి. తరంగం సెకనుకు 30 కోట్ల మీటర్లు పోతుంది, అదే సెకనులో 10 కోట్ల సార్లు కంపిస్తుంది. భాగిస్తే తరంగం పొడవు 3 మీటర్లు. అందులో పావు వంతు 75 సెంటీమీటర్లు. విద్యార్థి ఆ కొలతకు తీగ కత్తిరించి యాంటెన్నాగా పెడతాడు. తీగ పొడవు మారిస్తే సిగ్నల్ ఏమవుతుందో ముందు ఊహించి రాస్తాడు, తర్వాత తెర మీద చూస్తాడు. ఊహకూ ఫలితానికీ తేడా వస్తే కారణం తానే వెతుకుతాడు. అసలు చదువు మొదలయ్యేది అక్కడే.

తర్వాతి మెట్టు, విమానాలు 1090 మెగాహెర్ట్జ్‌పై పంపే సమాచారం. ఆకాశంలో పోతున్న విమానం ఎత్తు, స్థానం ఆ అంకెల్లోంచి విద్యార్థి స్వయంగా రాబడతాడు.

వినడంతో పాటు పంపడమూ నేర్పాలి. కానీ మన దేశంలో ఇష్టం వచ్చిన ఫ్రీక్వెన్సీలో ప్రసారం చేయడానికి చట్టం ఒప్పుకోదు. అందుకే ల్యాబులో ట్రాన్స్‌మిటర్‌ను, రిసీవర్‌ను కేబుల్‌తో కలిపి, సిగ్నల్ బలాన్ని తగ్గించే అటెన్యుయేటర్‌ను మధ్యలో పెడతారు. స్పెక్ట్రం అందరి ఉమ్మడి ఆస్తి అన్న బాధ్యత కూడా దీనితో అలవడుతుంది.

ఇంట్లో ఇంజనీరు ఉన్న పిల్లవాడికి ఇవన్నీ ఏదో ఒక దారిన అందుతాయి. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లకు ల్యాబ్ ఒక్కటే దారి. అక్కడ ఖరీదైన పరికరం ఒక్కటే ఉండి, ఒకరు తిప్పుతుంటే పదిమంది చూస్తే, ఆ పిల్ల ఉద్యోగ ఇంటర్వ్యూకు చూసిన జ్ఞానంతోనే వెళ్తుంది.

కనుక ల్యాబుకు సాయం చేసేటప్పుడు మూడు ప్రశ్నలు అడగమని దాతలకు మా మనవి. ఒక్కో పరికరానికి ఎంతమంది విద్యార్థులు? దాన్ని హాస్టల్‌కు తీసుకెళ్లనిస్తారా? సందేహం వస్తే చెప్పే మనిషి ల్యాబులో ఉంటారా? బీరువాలో తాళం వేసి ఉంచిన ఒక యంత్రం కన్నా, ఇద్దరికి ఒకటి చొప్పున ఇచ్చిన చిన్న డాంగిళ్లూ, పక్కన నిలబడే ఒక ఉపాధ్యాయుడూ పిల్లలకు ఎక్కువ నేర్పుతారు.