గంజితొట్టి: యుద్ధకాలపు ఆకలి, రాయపురపు ధర్మము

చెన్నపురి ఉత్తరభాగమున రాయపురమును పాతచాకలిపేటయు కలియు తావున స్టాన్లీ ఆసుపత్రి కలదు. పాతతరమువారు దీనిని గంజితొట్టి ఆసుపత్రి యనుచుండిరి. వైద్యశాలకు ఈ పేరు వచ్చిన విధము తెలియవలెనన్న 1780వ సంవత్సరమునకు పోవలయును.

ఆ యేడు జూలైలో హైదరాలీ కర్ణాటకముపై దండెత్తెను. శత్రువునకు గింజ దొరకకుండ జేయుట అతని యుద్ధతంత్రములలో నొకటి. చెన్నపురి చుట్టుపట్ల పల్లెలు తగులబడెను, పశువులు కొల్లపోయెను, సాగు నిలిచెను. బ్రతికినవారు పిల్లలను చంకనిడుకొని నగరమునకు చేరిరి. తప్పంతయు హైదరాలీపై మోపుట న్యాయము కాదు. 1779లో మాహేను పట్టుకొని అతనితో వైరము పెంచుకొనిన కుంపిణీవారు తగిన సన్నాహమేమియు చేసికొని యుండలేదు.

మెట్టదారులు మూతపడగా వంగదేశపు బియ్యమే దిక్కయ్యెను. ఇచ్చట అప్పటికి కట్టిన ఓడరేవు లేదు. ఓడలు దూరమున లంగరు దింపగా, మసూలా పడవలు అలలను దాటి బస్తాలను ఒడ్డునకు తెచ్చెడివి. 1782 ఫిబ్రవరిలో ఫ్రెంచి నౌకాదళము ఈ తీరమునకు వచ్చి ఆ దారికి అడ్డమయ్యెను. అక్టోబరులో తుపాను చెలరేగి ధాన్యపు టోడలను బ్రద్దలు చేసెను. ఒడ్డున ఆకలిగొన్న జనము. కనుచూపు మేరలో మునిగిన బియ్యము! 2018లో యెమెను దేశమున హొదైదా రేవుకొరకు పోరు సాగినప్పుడు లోకము కలత చెందుటకు కారణమిట్టిదే. ఆ దేశమునకు వలయు గోధుమలలో అత్యధికభాగము ఓడలమీదనే రావలెను.

ఆ కరవుదినములలో ఇచ్చటి గ్రామపు మణియకారుడు గంజి కాచి పోయించెనని జనశ్రుతి. మణియకారర్ అను ఆ అరవమాటయే ఆంగ్లేయుల నోట మోనిగార్ అయి, మోనిగార్ సత్రమను పేరు నిలిచినది. వేంకటగిరి రాజావారి సత్రముకూడ ఈ ప్రాంతముననే వెలసినది.

గంజి పోయుచోట వైద్యుడేల కావలసివచ్చెను? ఆకలిగొన్న బిడ్డ కేవలము ఆకలితో చనిపోవుట అరుదు. చిక్కిన దేహమునకు అతిసారమో తట్టమ్మయో తగిలిన తట్టుకొనలేదు. గంజి ప్రాణము నిలుపును గాని, అందు పిండిపదార్థమే హెచ్చు. కండకు వలసిన మాంసకృత్తులు, క్రొవ్వు చాలవు. జాలిపడి ఒక్కమారుగా కడుపునిండ పెట్టుటయు ప్రమాదమే. రక్తములోని లవణముల పాళ్లు తారుమారై గుండె ఆగిపోవచ్చును. కావున నేటి వైద్యులు ఆరునెలలు మొదలు అయిదేండ్లలోపు పిల్లల దండచేతికి పట్టీ చుట్టి చూతురు. చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినచో తీవ్రమైన పోషకలోపమని యెంచుదురు. మిక్కిలి నీరసించి రోగము తగిలినవారికి పలుచని పాలమిశ్రమమును కొద్దికొద్దిగా, పలుమార్లు పట్టుదురు. తేరుకొన్న పిమ్మట వేరుసెనగ ముద్ద. వేరుసెనగలు, పాలపొడి, చక్కెర, నూనె, విటమినులు కలిపిన ఈ ముద్దను 1990ల దశకమున ఫ్రాన్సులో రూపొందించిరి. దీనికి పొయ్యి అక్కరలేదు, కలుపుటకు నీరక్కరలేదు. యుద్ధభూమిలో మంచినీరే కరవు గనుక ఇది చిన్న సౌలభ్యము కాదు; తల్లి గుడారముననే బిడ్డకు తినిపించగలదు.

1799లో జాన్ అండర్‌వుడ్ అను వైద్యుడు ఇచ్చట చికిత్సాలయము నెలకొల్పుటతో గంజితోపాటు మందును దొరకసాగెను. అప్పటికి హైదరాలీ గతించి పదునారేండ్లు దాటినది. 1784లో మంగళూరు సంధియు జరిగినది. సంధిపత్రముపై చేవ్రాలు పడినంతమాత్రాన పొలము పండదు, పోయిన యెద్దు తిరిగిరాదు. యుద్ధమాగిన తరువాతను తొట్టిచుట్టు దీనులు చేరుచునే యుండిరి. 1910లో ప్రభుత్వము ఈ వైద్యశాలను చేపట్టి రాయపురము ఆసుపత్రి యని పేరిడెను. 1936లో ఇచ్చటి వైద్యపాఠశాలకు గవర్నరు స్టాన్లీ పేరు పెట్టిరి. సత్రము మాత్రము పాతజైలు వీథిలో దిక్కులేని వృద్ధులకు నీడయైనది.