మత్స్యమూర్తికి చోటు

భాగవతము అష్టమస్కంధములోని మత్స్యావతారకథ మనమందరము విన్నదే. కృతమాలానదిలో తర్పణము విడుచుచున్న సత్యవ్రతుని దోసిట ఒక చిన్న చేప పడినది. పెద్ద చేపల నోట పడకుండ కాపాడుమని వేడుకొన్నది. రాజు దానిని కమండలువులో నుంచెను, చాలలేదు. కుండకు, కొలనుకు, మడుగుకు, కడకు సముద్రమునకు చేర్చెను. అడుగడుగునను ఆ చేప కోరినది చోటు. మనము రేవున మరమరాలు చల్లి పుణ్యము వచ్చినదని తలంతుము!

మన మెండోర చెంతనే, పోచంపాడువద్ద, గోదావరిపై శ్రీరామసాగరమునకు 1963 జూలై 26న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. ఆ నీరు లక్షల ఎకరములను తడుపుచున్నది. ఆ ఉపకారమును తక్కువచేసి పలుకుట కృతఘ్నత. అయినను ఆనకట్ట చేపకు గోడయే. పెక్కు నదీమత్స్యములు తొలకరి వరదకు ఎదురీది, కొత్తనీరు పారు పల్లములయందు గ్రుడ్లు పెట్టును. 42 గేట్లు మూసియున్నచో వాటికి దారి లేదు. తెరచినప్పుడు ఆ ఉరవడికి ఎదురెక్కుట వాటి తరము కాదు.

వాలుగనే చూడుడు. పొలుసు లేనిది, పెద్ద నోటిది, మనిషి పొడవు వరకు పెరుగగలది. లోతైన మడుగు దాని ఇల్లు. ప్రపంచమంతట దాని సంఖ్య తగ్గుచున్నదని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము 2019లో దానిని ఆపదలోనున్న జాతుల పట్టికలో చేర్చినది. ఇసుకను మితిమీరి తోడినచో మడుగు రూపు చెడును. చేలలో చల్లిన పురుగుమందు తొలివానలతో వాగులోనికి దిగును. గ్రుడ్లు పొదుగు కాలమును అదియే. 2016లో మొదలైన పథకమున ప్రభుత్వము చెరువులలో వదలిన చేపపిల్లలు గంగపుత్రుల, ముదిరాజుల జీవనమునకు మేలుచేసినవి. కాని అవి త్వరగా ఎదుగు కొద్ది రకములే. వాలుగకు ఆ సాయము లేదు.

దేవాలయములు చేయగలది కలదు. కర్ణాటకమున శృంగేరివద్ద తుంగలోను, శిశిలవద్ద కపిలానదిలోను గుడి రేవున ఎవరును చేపలు పట్టరు. శిశిలలో 1996లో ఎవరో విషము కలుపగా వేలాది చేపలు మడిసినవి. అయినను ఆ ఊరివారు కట్టుబాటును విడువలేదు. మన వాగులలోను ఎండకాలమున నీరు నిలుచు ఒక్కొక్క మడుగును వలవేయక విడువవచ్చును. ఏ మడుగు అన్నది బెస్తవారినే అడుగవలెను. నీటి సంగతి వారికి తెలిసినంత మనకు తెలియదు.

మ్రొక్కు పేర అంగడిలో కొన్న చేపను కోనేటిలోనో వాగులోనో వదలువారికి ఒక మాట. 1952లో మన దేశమునకు తెచ్చిన తిలాపియా నేడు ఎన్నో చెరువుల నాక్రమించినది. ఆఫ్రికా జెల్ల పెంపకమును ప్రభుత్వమే నిషేధించినది; అది చిన్న చేపలను బ్రతుకనీయదు. మ్రొక్కు తీర్చుకొనదలచినవారు ఆ సొమ్ముతో కోనేటి పూడిక తీయించుడు.