జడవస్తు చిత్రంలో పక్షి

ఒక కూజా, దాని పక్కన ఒక పళ్లెం, రెండు నిమ్మపండ్లు, వెనుక గోడ మీదుగా సాగిపోయే ఒక పక్షి. ఇటువంటి ఆధునిక చిత్రాన్ని చూడగానే మన విద్యార్థులకు రెండు ప్రశ్నలు కలుగుతవి. ఇందులో కథ ఏది? కూజా మూతి వంకరగా ఎందుకున్నది? ఈ ప్రశ్నలు సహజమైనవే. వాటికి సమాధానం వెదకుటయే ఈ వ్యాసోద్దేశం.

కదలని వస్తువులను విషయంగా గ్రహించి వేసిన చిత్రాన్ని స్టిల్ లైఫ్ అంటారు. మనం జడవస్తు చిత్రం అనవచ్చును. ఫ్రెంచివారు 'మృత ప్రకృతి' అని అర్థం వచ్చే మాటతో దీనిని వ్యవహరిస్తారు. 17వ శతాబ్దపు హాలెండు చిత్రకారులు వెండి పాత్ర మీది మెరుపును, ఒలిచిన నిమ్మతొక్క వంపును కన్ను భ్రమపడేటట్లు చిత్రించారు. వారి బల్లలపై పక్షులు కూడ కనిపిస్తవి. కాని అవి వేటాడి తెచ్చిన ప్రాణం లేని పక్షులు.

1839లో పారిస్ నగరంలో ఛాయాగ్రహణ విధానం లోకానికి వెల్లడి అయినది. ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ జన్మించినది కూడ ఆ సంవత్సరమే. ఉన్నది ఉన్నట్లు చూపే పనిని కెమెరా చేయగలిగినప్పుడు చిత్రకారుని కర్తవ్యం ఏమి? మన కన్ను కెమెరా వలె ఒకేచోట నిలువదు. కూజా మూతిని పైనుండి, కడుపును ఎదుటి నుండి చూస్తుంది. ఆ రెండు చూపులను సెజాన్ ఒకే పటంలో నిలిపాడు. కావున ఆ వంకర చేతగానితనం కాదు, చూపులోని నిజం.

ఈ మార్గాన్ని ముందుకు కొనిపోయినవారిలో బ్రాక్ (1882-1963) ముఖ్యుడు. ఆయన తండ్రి, తాత ఇండ్లకు రంగులు వేసేవారు. కొయ్య చారలను, చలువరాతి మరకలను రంగుతో అనుకరించే పనితనం ఆయన ఆ వృత్తిలోనే నేర్చి, తరువాత తన చిత్రాలలో వినియోగించాడు. 1915లో యుద్ధరంగంలో తలకు తీవ్రమైన గాయం తగిలినా కోలుకొని మరల కుంచె పట్టాడు. 1949 నుండి 1956 వరకు తన పనిగదిని గురించి ఒక చిత్రమాల వేశాడు. అందులో కూజాలు, రంగుపలకలు, పటాల నడుమ ఒక పెద్ద పక్షి రెక్కలు చాచి ఉంటుంది. అది కిటికీ గుండా వచ్చినదా, పటంలో నుండి లేచినదా అని తేల్చి చెప్పలేము. బరువైన వస్తువుల మధ్య ఆ పక్షి ఖాళీ చోటుకు ప్రాణం పోస్తున్నది. 1953లో లూవ్ర్ మ్యూజియంలో ఒక గది పైకప్పు మీద కూడ ఆయన పక్షులనే చిత్రించాడు.

ఇక్కడ మన విద్యార్థులలో కొందరికి కలిగే సంకోచాన్ని విస్మరించరాదు. ప్రాణుల బొమ్మలు వేయవచ్చునా? హజ్రత్ ఇబ్నె అబ్బాస్ ఒక చిత్రకారునికి చెట్లను, ప్రాణం లేని వస్తువులను వేసుకొమ్మని సలహా ఇచ్చినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నవి. జహంగీరు పాదుషా కొలువులోనో, ఉస్తాద్ మన్సూర్ పక్షులను అద్భుతంగా చిత్రించి 'నాదిరుల్ అస్ర్' అనే బిరుదు పొందాడు. ఈ రెండూ మన వారసత్వమే. మతవిషయంలో తీర్పు చెప్పుట నా పని కాదు. కాని సంకోచం గలవాడు కుంచెనే విడిచిపెట్టవలసిన అవసరం లేదని మాత్రం చెప్పగలను. అతనికి కూజా ఉన్నది, దస్తర్‌ఖాన్ ఉన్నది.

వస్తువు అందమైనదే కానక్కరలేదు. ఖమ్మం జిల్లా మధిరలో 1940లో జన్మించి హైదరాబాదులో స్థిరపడిన సూర్యప్రకాశ్ పారవేసిన మోటారు కార్ల తుక్కును చిత్రించి పేరు పొందాడు.

మేడ్చల్ ఇండ్లలో సొట్టపడిన లోటాలు, మసిపట్టిన కెటిల్లు ఇంకను ఉన్నవి. శామీర్‌పేట చెరువు అంచున కొంగలు వాలుతూనే ఉన్నవి. వాటిని ఒక గంటసేపు శ్రద్ధగా చూచిన విద్యార్థి ఆ తరువాత వంకర కూజాను చూచి నవ్వడు. తాను చూచిన లోటాను కాగితం మీద పెట్టుటకు ప్రయత్నిస్తాడు.