విశ్వం పద్దులు: చదవదగిన అయిదు పుస్తకాలు

ఇంట్లో పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు రెండు ప్రశ్నలు అడుగుతారు. ఈ విశ్వం ఎలా మొదలైంది? కోతి నుంచి మనిషి వచ్చాడంటే ఇప్పటి కోతులు ఎందుకు మారడం లేదు? మనలో చాలామందిమి కామర్సు చదివినవాళ్లం. "పెద్దయ్యాక తెలుస్తుందిలే" అని దాటేస్తాం. అప్పుడు వాళ్లకు జవాబు వాట్సాప్‌లో దొరుకుతుంది. అది నిజమో కాదో తేల్చుకునే దారి మాత్రం దొరకదు. సైన్సు చదవనివారికీ అర్థమయ్యే అయిదు పుస్తకాలను అందుకే ఇక్కడ సూచిస్తున్నాను.

ఈ విషయాల్లో అసలు ఇబ్బంది కాలంతోనే. విశ్వం వయసు దాదాపు 1,380 కోట్ల సంవత్సరాలు. కార్ల్ సేగన్ 1977లో వచ్చిన 'ది డ్రాగన్స్ ఆఫ్ ఈడెన్'లో దాన్ని ఒక్క ఏడాదికి కుదించి చూపారు. మనం ఆర్థిక సంవత్సరంగా లెక్కవేద్దాం. ఏప్రిల్ 1న విశ్వం మొదలైంది. సూర్యుడు, భూమి ఏర్పడేసరికి నవంబరు నెలాఖరు. డైనోసార్లు అంతరించింది మార్చి 30 తెల్లవారుజామున. మనబోటి మనిషి పుట్టింది మార్చి 31 రాత్రి 11 గంటల 48 నిమిషాలకు. రాతలో దొరికే చరిత్ర అంతా చివరి 12 సెకన్లలోపే!

విశ్వం తొలి క్షణాల గురించి స్టీవెన్ వైన్‌బర్గ్ 'ది ఫస్ట్ త్రీ మినిట్స్' చదవాలి. గణితాన్ని ఆయన చివరి అనుబంధంలో పెట్టేశారు. 1964లో పెంజియాస్, విల్సన్ తమ యాంటెనాలో ఆగకుండా వినిపించే రొదను గమనించారు. అందులో చేరిన పావురాలను తరిమి, రెట్టలు కడిగినా రొద పోలేదు. టాలీ కాని ఆ తేడాను వాళ్లు సస్పెన్స్ ఖాతాలో వేసి ఊరుకోలేదు. అది విశ్వం బాల్యంలో వెలువడిన కాంతి శేషమని తేలింది. 1978లో నోబెల్ బహుమతి వచ్చింది.

జీవపరిణామానికి రిచర్డ్ డాకిన్స్ 'ది బ్లైండ్ వాచ్‌మేకర్' మంచి ప్రవేశిక. ఇందులోని అసలు సూత్రం మనకు తెలిసిన చక్రవడ్డీ లాంటిదే. ఒక లక్షణం ఉన్న జీవుల సంతతి, లేనివాటితో పోలిస్తే తరానికి 1 శాతం ఎక్కువైతే, 70 తరాల్లో వాటి నిష్పత్తి రెట్టింపు అవుతుంది. 700 తరాల్లో వెయ్యి రెట్లు. ఏడాదికో తరం గడిచే పురుగుకు 700 ఏళ్లు చాలు. పైన వేసిన లెక్కలో అది రెండు సెకన్లు కూడా కాదు.

నీల్ షూబిన్ 'యువర్ ఇన్నర్ ఫిష్' సాక్ష్యం ఎలా వెతకాలో చెబుతుంది. చేపలు నేల మీదికి వచ్చిన కాలం ఏదో లెక్కగట్టి, దాదాపు 37.5 కోట్ల ఏళ్ల నాటి రాళ్లున్న చోటును ఎంచుకుని, కెనడా ఉత్తర ధ్రువ ప్రాంతంలో ఆయన బృందం ఏళ్ల తరబడి వెతికింది. 2004లో టిక్టాలిక్ శిలాజం దొరికింది. పొలుసులు, రెక్కలు చేపవి. మెడ, మణికట్టు ఎముకలు నేల జంతువుల తీరువి.

తెలుగులో చదవాలనుకునేవారికి కొడవటిగంటి రోహిణీప్రసాద్ 'మానవ పరిణామం' ఉంది. ఇక కోతి ప్రశ్నకు జవాబు ఇదీ: ఇప్పటి కోతులు మన తాతలు కావు, దాయాదులు. పూర్వీకులు ఒక్కరే, ఆ తర్వాత దారులు వేరయ్యాయి.

ఓచరు చూడకుండా మనం ఏ ఎంట్రీనీ పాస్ చేయం. ఈ పుస్తకాలు అదే అలవాటును ప్రకృతి విషయంలోనూ నేర్పుతాయి. సెలవు రోజున ఒక అధ్యాయం, వీలైతే పిల్లలతో కలిసి, చదివి చూడండి.